22 నెలల పాపతో వండర్‌లాకు: భుజాన ఏముండాలి, డిక్కీలో ఏముండాలి

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెల మియాపూర్ నుంచి కారులో హైదరాబాద్ శివార్లలోని వినోదాల పార్కు వండర్‌లాకు వెళుతున్నారు. పాపకు 22 నెలలు, వెంట పెద్దవాళ్లు నలుగురు. మీవారేమో ఒక్క బ్యాగు చాలంటున్నారు. అత్తగారేమో చంటిపిల్లతో గడప దాటితే ఇల్లంతా వెంట ఉండాలంటున్నారు. ఎవరి మాట వినాలి, ఏమేం సర్దుకోవాలి?

ఇద్దరి మాటా వినండి, కాకపోతే వేర్వేరు చోట్ల. అత్తగారు చెప్పిన ఇల్లంతా కారు డిక్కీలో ఉండనివ్వండి. భుజానికి మాత్రం నాలుగు కిలోలు దాటని ఒక్క సంచి. ఆ సంచిలో మూడు సందర్భాలకు కావలసినవే ఉండాలి: పాప తడిసినప్పుడు, పాపకు ఆకలేసినప్పుడు, పాపకు నిద్ర ముంచుకొచ్చినప్పుడు. ఈ మూడింటిలో దేనికీ పనికిరాని వస్తువు ఎంత ముద్దొచ్చినా డిక్కీలోనే ఉండాలి.

నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర చిన్నపిల్లల సంరక్షణ కేంద్రం నడుపుతున్నాను, 17 ఏళ్లుగా. ఏటా చలికాలంలో ఒకసారి పిల్లల్నీ తల్లుల్నీ కలిపి ఏదో ఒక పార్కుకు తీసుకువెళతాం. మొదటి ఏడాది ఒక తల్లి తెచ్చిన సంచిలో పన్నెండు డైపర్లు, మూడు పాలసీసాలు, స్టీలు క్యారియరు, రెండు దుప్పట్లు, ఒక చిన్న ప్లాస్టిక్ బకెట్టు ఉన్నాయి. ఇడ్లీ కుక్కరు ఒక్కటే తక్కువ. మధ్యాహ్నానికి ఆవిడ సంచికి కాపలాగా బెంచీ మీద కూర్చుండిపోయింది, బాబును మా ఆయా తిప్పింది. సంచి సర్దడం గురించి నేను పట్టించుకోవడం మొదలైంది ఆ రోజునే.

నాలుగు కిలోల లెక్క ఎందుకంటే, ఈ వయసు పిల్లలు 10, 11 కిలోలు ఉంటారు. పొద్దున పరుగులు పెట్టిన పిల్ల రెండు గంటలయ్యేసరికి చేతులు చాచి "ఎత్తుకో" అంటుంది. నిద్రపోయిన బిడ్డ మేలుకున్న బిడ్డ కంటే బరువు, ఎత్తుకున్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. అందుకని పాపను ఎత్తుకునేవారు సంచి మోయకూడదు, సంచి మోసేవారు పాపను ఎత్తుకోకూడదు. పెద్దవాళ్లు నలుగురున్నారు కాబట్టి గంటకొకరు చొప్పున మార్చుకోండి.

సర్దే ముందు ఒక పని: పాపను గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. నాకు తెలిసిన లెక్క ప్రకారం 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్టు లేదు, ఆపైన 140 వరకు పిల్లల టికెట్టు. వెళ్లే ముందు వాళ్ల వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి. రెండేళ్లు నిండిన ఆడపిల్లల సగటు ఎత్తు 86 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే మీ పాప సరిగ్గా ఆ గీత మీదే ఉండవచ్చు. మందపాటి బూట్లు, నడినెత్తిన పిలక వేసి తీసుకువెళ్లి అక్కడ సెంటీమీటరు కోసం వాదించడం ఎందుకు?

ఎత్తు కొలవమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. రైడ్లకు కూడా ఎత్తు నియమాలు ఉంటాయి. ఈ వయసు పిల్లలు ఎక్కగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా సమయమంతా నడక, నీళ్లు, తిండి, నిద్ర, పెద్దవాళ్లు రైడు దిగి వచ్చేదాకా ఎదురుచూపు. రైడ్ల కోసం పాపకు సర్దవలసింది ఏమీ లేదు. ఈ మిగతా సమయం కోసమే సర్దాలి.

ఇక తడి సంగతి. అసలు కష్టమంతా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నీళ్ల రైడ్లకు, అలల కొలనుకు నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లేదా లైక్రా బట్టలే ఉండాలి. పెద్దవాళ్లకూ ఇదే నియమం. చీరలు, సల్వార్లు, జీన్సు పనికిరావు. నూలు బట్ట నీళ్లు తాగి బరువెక్కుతుంది, దాని పీచు వడపోత యంత్రాల్లో చేరుతుంది. అక్కడ అద్దెకు దొరుకుతాయి, కొనుక్కోవచ్చు కూడా. కానీ 22 నెలల పిల్లకు సరిపోయే కొలత అప్పటికప్పుడు వెతుక్కోవడం కంటే ముందే కొనడం నయం. పొడుగు చేతులున్నది తీసుకోండి, ఎండ నుంచి సగం కాపాడుతుంది. రంగు మాత్రం నీలం వద్దు, లేత ఆకుపచ్చ వద్దు. కొలను అడుగు నీలంగా ఉంటుంది, అందులో నీలం బట్టలేసుకున్న పిల్ల కంటికి ఆనదు. నారింజ, గులాబి లాంటి కొట్టొచ్చే రంగులు తీసుకోండి. మా పిల్లలందరికీ నారింజ రంగు టోపీలు పెట్టేది ఇందుకే.

డైపరు దగ్గర కొత్తవాళ్లు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. మామూలు డైపరుతో పిల్లను నీళ్లలోకి దింపుతారు. అందులో నీటిని పీల్చే పొడి ఉంటుంది. దానికి పిల్లల మూత్రం ఏదో, కొలను నీళ్లు ఏవో తెలియదు, అందినంతా తాగేస్తుంది. మూడేళ్ల కిందట మాతో వచ్చిన ఒక బాబుకు ఇలాగే అయింది. ఐదు నిమిషాల్లో డైపరు బూరెలా ఉబ్బి మోకాళ్ల దాకా జారింది. వాళ్లమ్మ లాగబోతే చిరిగి, ఉడికిన సగ్గుబియ్యంలాంటి గుళికలు గుప్పెడు గుప్పెడు బయటికొచ్చాయి. బాబు వాటిని చేత్తో నొక్కి చూసి తెగ సంతోషపడ్డాడు. మేము మాత్రం గంటసేపు వాడి ఒళ్లు కడిగాం.

స్విమ్ డైపరు అని విడిగా దొరుకుతుంది, అది ఉబ్బదు. అయితే దాని సంగతీ తెలుసుకోవాలి: అది మలాన్ని ఆపుతుందే గానీ మూత్రాన్ని ఆపదు. కారులోనే తొడిగితే దారిలోనే సీటు తడుస్తుంది. నీళ్లలోకి దిగే ముందు తొడగండి, పైకి రాగానే తీసేయండి. రెండు చాలు. మామూలు డైపర్లు భుజం సంచిలో నాలుగు, డిక్కీలో నాలుగు. పాపకు విరేచనాలు అవుతున్నట్టు అనిపిస్తే ఆ రోజు నీళ్ల జోలికి పోవద్దు, మన పాప కోసమే కాదు, అదే నీళ్లలో ఆడే పక్కింటి పాప కోసం కూడా.

పిల్లలకు ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది. వాళ్ల బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి వేడి పెద్దవాళ్లకంటే తొందరగా పోతుంది. ఎండాకాలం కాని రోజుల్లో పావుగంట దాటనివ్వకండి. పెదవులు నల్లబడ్డా, గడ్డం వణికినా వెంటనే బయటికి తీసి, తుడిచి, పొడి బట్టలు వేయండి. ఆ పొడి జత అప్పుడు సంచి పైనే ఉండాలి, అడుగున కాదు. నేను జతలను జిప్ కవర్లలో విడివిడిగా పెడతాను: ఒక్కో కవరులో ఒక గౌను, ఒక లాగు, ఒక డైపరు. ఒక చేత్తో పాపను పట్టుకుని ఇంకో చేత్తో ఒక్క కవరు లాగితే పని అయిపోతుంది. విడిచిన తడి బట్టలు అదే కవరులోకి పోతాయి. ఇలాంటివి రెండు భుజం సంచిలో, ఒకటి డిక్కీలో. ఇంకొక మాట, మీకు కూడా ఒక జత పెట్టుకోండి. తడిసిన పిల్లను ఎత్తుకునేది మీరే కదా. పిల్లకు నాలుగు జతలు తెచ్చి తాము తడి కుర్తాతో ఇంటిదాకా వణికిన తల్లుల్ని ఎంతమందిని చూశానో.

పాదాల గురించి. పాపను ఒట్టికాళ్లతో బండల మీద నడిపించకండి. ఎండ పడిన బండ మనకు వెచ్చగా అనిపించేసరికే ఆ లేత అరికాలికి కాలుతుంది. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తీసుకోండి, ఇంట్లో నాలుగు రోజులు వేయించినవై ఉండాలి. కొత్త చెప్పులు ఆ రోజే మొదలుపెడితే పది గంటలకు పొక్కు, పదిన్నరకు ఏడుపు. నడిచినప్పుడు కీచుమనే బూట్లు మాత్రం దయచేసి వద్దు, వరుసలో నిలబడ్డ అందరి తరఫునా అడుగుతున్నాను.

ఆకలికి వద్దాం. బయటి తిండి లోపలికి తేకూడదన్నది అక్కడి నియమం. చంటిపిల్లల ఆహారం చిన్న డబ్బాలో పెట్టుకుని, తనిఖీ దగ్గర మనమే మూత తీసి చూపిస్తే నన్ను ఇంతవరకు ఎవరూ ఆపలేదు. అదే పెద్ద క్యారియరులో నలుగురికి సరిపడా పులిహోర పెట్టి "పాప కోసం" అంటే ఎవరు నమ్ముతారు? ముందురోజు ఫోను చేసి అడగడం ఇంకా మంచిది. మీ అత్తగారి క్యారియరు డిక్కీలో ఉంచి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో తినేలా చూసుకోండి. మధ్యాహ్నం బయటికి వచ్చి తిని మళ్లీ లోపలికి వెళ్లవచ్చునా అన్నది మాత్రం గేటు దగ్గర అడిగి తెలుసుకున్నాకే ఆ ఆలోచన చేయండి.

పాప డబ్బాలో ఏం పెట్టాలి? నా అనుభవంలో అన్నిటికంటే నమ్మకమైనవి నెయ్యి రాసిన ఇడ్లీలు రెండు, ఒక అరటిపండు, ఉడికించిన చిలగడదుంప ముక్కలు. పప్పన్నం వద్దు, వేడికి తొందరగా పాడవుతుంది. పెరుగన్నం పెట్టాలంటే పెరుగుతో కలపకండి. అన్నం మెత్తగా చేసి, చల్లారాక కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేయండి. పొద్దున ఏడింటికి కలిపితే భోజనం వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది, పులవదు. అది కూడా ఒంటి గంట దాటనివ్వకండి.

సీసాలో పాలు పోసుకుని వెళ్లకండి. పొద్దున పోసిన పాలు పదకొండింటికి విరిగిపోవడం ఎన్నిసార్లు చూశానో. ఏడాది దాటిన పిల్ల ఒక పూట పాలు తాగకపోయినా ఏమీ కాదు. తప్పదంటే తెరవని చిన్న టెట్రా ప్యాకెట్టు పాలు కొనుక్కోండి, తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు.

నములుకోవడానికి మరమరాలు, మెత్తటి బిస్కెట్లు. ఉస్మానియా బిస్కెట్టు పిల్లలకు ఇష్టమే గానీ సంచినిండా పొడి. పల్లీలు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్షపళ్లు నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు, ముఖ్యంగా నడుస్తూ, నవ్వుతూ, ఊగుతూ ఉన్నప్పుడు. గొంతులో అడ్డం పడేది అప్పుడే. సంక్రాంతికి మిగిలిన సకినాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, పెద్దవాళ్లు తినండి.

నీళ్లకు చిన్న స్టీలు సీసా ఒకటి. ఓఆర్‌ఎస్ గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాంతులో విరేచనాలో అయితేనే అది కావాలి, ఎండలో తిరిగిన ప్రతి పిల్లకూ అక్కర్లేదు. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే కొనండి. రంగురంగుల తీపి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడంపై మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. పెద్ద ప్యాకెట్టు పూర్తిగా ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పి మేలుకు బదులు కీడు జరుగుతుంది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, ప్రయాణానికి అవే హాయి.

మందుల్లో పారాసెటమాల్ సిరప్ ఒక్కటి చాలు. ఇక్కడ జాగ్రత్త: మన షాపుల్లో ఈ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250 మిల్లీగ్రాములదీ ఉంటుంది. మామూలుగా కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. అంటే 11 కిలోల పిల్లకు మొదటి దాంట్లో దాదాపు 7 మిల్లీలీటర్లు, రెండో దాంట్లో 3 మిల్లీలీటర్ల పైచిలుకు. సీసా మారి పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. మీ డాక్టరును అడిగి, మీ ఇంట్లో ఉన్న సీసాకు ఎంత పోయాలో దాని మీదే పెన్నుతో రాసిపెట్టుకోండి. దారిలో నిద్రపోతుందని జలుబు సిరప్ పట్టే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మానిపించండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయాలంటూ 2023 డిసెంబరులో ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

సన్‌స్క్రీన్ రాస్తానంటే రెండు రోజుల ముందే మోచేతి దగ్గర కొంచెం రాసి చూడండి. దద్దుర్లు రావడమే ఉంటే ఇంట్లోనే రానివ్వండి.

ఇక నిద్ర. దీనికోసం ఖరీదైనవి ఏమీ అక్కర్లేదు. మీ ఇంట్లో పాత నూలు పంచె ఉందా, ఉతికి ఉతికి మెత్తబడ్డది? అదొక్కటి మడిచి సంచిలో పెట్టండి. కింద పరిస్తే పక్క, రెండు కుర్చీల మీద కప్పితే నీడ, తడిస్తే తువ్వాలు, బట్టలు మార్చేటప్పుడు తెర. పిల్ల ఏడుస్తుంటే నడుముకు కట్టుకుని ఎత్తుకోవచ్చు కూడా. అందులో ఇంటి వాసన ఉంటుంది. కొత్త చోట, లౌడ్‌స్పీకర్ల హోరులో పిల్లలు నిద్రకు ఆ వాసననే పట్టుకుంటారు. మా మనవడు ఒకసారి తాతగారి పంచె అంచు పిడికిట్లో పట్టుకుని, పక్కనే పెద్దవాళ్లు కేకలు పెడుతున్న రైడు తిరుగుతుంటే గంటన్నర పడుకున్నాడు. ఇంట్లో పాప రోజూ నిద్రపోయే వేళ ఏదో చూసుకుని, దానికి అరగంట ముందే నీడపట్టున చేరండి. ఆ వేళ దాటిపోతే ఇంక ఏ పంచే పనిచేయదు.

స్ట్రోలరు తేవాలా అని కూడా అడిగారు. వండర్‌లాకైతే తెచ్చుకోండి, దారులు బాగానే ఉంటాయి. కానీ దాని హ్యాండిలుకు బరువైన సంచి తగిలించకండి. పాప దిగిన మరుక్షణం అది వెనక్కి తిరగబడుతుంది, పాప ఉండగా పడినదీ నేను చూశాను. రామోజీ ఫిల్మ్ సిటీ కూడా ఆలోచిస్తున్నామన్నారు కదా, అక్కడికి స్ట్రోలరు వద్దు. అది దాదాపు 2000 ఎకరాల చోటు, లోపల బస్సులు ఎక్కుతూ దిగుతూ తిరగాలి. ప్రతి బస్సు దగ్గరా దాన్ని మడవడం, విప్పడం మీవారికి రెండో స్టాపులోనే విసుగొస్తుంది. అక్కడికి పాపను ఒంటికి కట్టుకునే గుడ్డ క్యారియరు మేలు. తడి బట్టల లెక్క తగ్గించి, టోపీ, నీళ్లు పెంచండి.

తప్పిపోవడం గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. ఈ వయసు పిల్లను "మీ అమ్మ పేరేమిటి?" అని అడిగితే "అమ్మ" అంటుంది, ఇంటి పేరు అడిగితే "ఇల్లు" అంటుంది. మా దగ్గర పద్ధతి ఇదీ: పాప ముంజేయి లోపలివైపు మీ ఫోను నంబరు బాల్ పెన్నుతో పెద్ద అంకెల్లో రాసి, ఆరాక దానిమీద పారదర్శకంగా ఉండే అతుకు టేపు అంటించండి. నీళ్లలో ఆడినా సాయంత్రం దాకా ఉంటుంది. రెండు నంబర్లు రాయండి. ఒక ఫోను లాకరులో ఉండి మోగుతూ ఉండవచ్చు కదా. గేటు దాటగానే పాపకు నిలువెత్తు ఫొటో ఒకటి తీయండి. కంగారులో ఏ రంగు గౌను వేశారో తల్లికే గుర్తురాదు, అది నాకు బాగా తెలుసు.

ఇంట్లో వదిలి వెళ్లవలసినవి: పాప బంగారు గాజులు, మెడలో గొలుసు, వెండి పట్టీలు. నీళ్లలో జారితే దొరకవు. ఇంకా ముఖ్యంగా, పాపకు ప్రాణమైన బొమ్మ. మా మేనకోడలి కూతురి గుడ్డ కుందేలు ఒక పార్కులో ఎక్కడో జారిపోయింది. నలుగురం గంటసేపు వెతికాం. ఆ పిల్ల దారంతా ఏడ్చి, మూడు రాత్రులు నిద్రపోలేదు. బొమ్మ కావాలంటే దాని తర్వాతి స్థాయి బొమ్మను పిలుచుకురండి.

డిక్కీలో ఉంచేవి ఇవి: మిగతా డైపర్లు, మూడో జత, దుప్పటి, పాత తువ్వాలు, ఐదు లీటర్ల నీళ్ల క్యాను, క్యారియరు, పాలిథిన్ కవర్లు నాలుగు. కవర్లు రెండు మాత్రం ముందు సీటులో చేతికందేలా పెట్టండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద మియాపూర్ వైపు నుంచి రావిర్యాల దగ్గరి 13వ ఎగ్జిట్ దాకా దాదాపు గంట ప్రయాణం. కడుపునిండా పాలు తాగి కూర్చున్న పిల్ల ఆ గంటలో ఏదో ఒక చోట కక్కుతుంది. బయలుదేరే ముందు సగం కడుపుకే పెట్టండి, మిగతా సగం గేటు దగ్గర.

వెళ్లే ముందురోజు రాత్రి సంచి నింపి, మీవారి భుజానికి తగిలించి, పాపను మీరు ఎత్తుకుని, ఇద్దరూ మీ అపార్టుమెంటు మెట్లు ఒకసారి దిగి ఎక్కి రండి. రెండో అంతస్తు దగ్గర ఆయన దేన్ని తీసేద్దామంటే దాన్ని తీసేయండి, పంచెను తప్ప.